లియర్ మాట విన్న మైకు

ఈ మైకు పుట్టిల్లు లెనిన్‌గ్రాద్‌లోని లెన్‌ఫిల్మ్ స్టూడియో. దీనికి కళ్లు లేవు, ఉన్నదల్లా చెవే. అయినా తన కథ చెప్పమంటే ఒక మనిషి ముఖం దగ్గరే మొదలుపెడుతుంది.

ఆ ముఖం యూరి యార్వెట్‌ది. 1919లో అష్గాబాద్‌లో పుట్టి, ఎస్టోనియాలో పెరిగి, తాలిన్ రంగస్థలం మీద పేరు తెచ్చుకున్న నటుడు. 1968లో వచ్చిన ‘పిచ్చి’ అనే ఎస్టోనియన్ సినిమాలో గెస్టపో అధికారి విండిష్ ఆయనే. ఆ సినిమాను ఎస్టోనియా దాటి ఆడనివ్వలేదు. తర్వాత దర్శకుడు గ్రిగోరి కోజింత్సెవ్ ‘కింగ్ లియర్’కు ఆయన్ని తీసుకున్నాడు. రాజంటే నిలువెత్తు విగ్రహం అనుకునేవాళ్లకు ఈ బక్కపలచని మనిషి ఆనడు. సినిమాలో దర్బారంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంటే ముందు విదూషకుడి చిరుగంటలు, నవ్వు వినిపిస్తాయి. ఆ వెనకే రాజు వస్తాడు. అలా రావడానికి పెద్ద ఒళ్లు అక్కర్లేదు, ఆ కళ్లు చాలు.

చిక్కల్లా మాటతోనే. సినిమా రష్యన్‌లో, పాస్తెర్నాక్ అనువాదంలో సాగుతుంది. యార్వెట్ నాలుక ఎస్టోనియన్‌కు అలవాటైనది. అందుకే లియర్‌కు గొంతు జినోవి గెర్ద్ ఇచ్చాడు. గెర్ద్ అంటే మాస్కోలో ఒబ్రజ్‌త్సోవ్ బొమ్మలాట థియేటర్‌లో తెర వెనక నిలబడి బొమ్మలకు ప్రాణం పోసిన నటుడు. రాజుకి గొంతు బొమ్మలవాడిది! వినడానికి వేళాకోళంలా ఉంటుంది గానీ, 1971లో విడుదలైన ఆ సినిమా చూస్తే పెదవికీ మాటకీ మధ్య అతుకు కనిపించదు. మైకుల వంశానికే గర్వకారణం!

మరుసటి ఏడు యార్వెట్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన ‘సొలారిస్’లో శాస్త్రవేత్త స్నౌట్‌గా వేశాడు. అక్కడా గొంతు వేరేవాళ్లదే: వ్లదీమిర్ తతోసవ్ చెప్పాడు. 1975లో సోవియట్ ప్రభుత్వం యార్వెట్‌కు ‘ప్రజా కళాకారుడు’ బిరుదు ఇచ్చింది. లోకం మెచ్చిన ఆయన పాత్రలు రెండింటిలోనూ ఆయన గొంతు లేకపోవడం అన్యాయమే. నటన సగం గొంతులోనే ఉంటుందని మైకు కాక ఇంకెవరు చెబుతారు?

తాలిన్‌ఫిల్మ్ స్టూడియో 1979లో తీసిన ‘మరణించిన పర్వతారోహకుడి హోటల్’లో ఆయన హోటల్ యజమాని. అది ఎస్టోనియన్ సినిమా కాబట్టి ఈసారి గొంతు అరువు తెచ్చుకున్నది ఆయన కాదు, నాయకుడిగా వేసిన లాట్వియా నటుడు ఉల్దిస్ పూత్సీతిస్. అతనికి ఎస్టోనియా నటుడు ఆర్నె ఉక్స్‌క్యుల డబ్బింగ్ చెప్పాడు.

యార్వెట్ 1995లో తాలిన్‌లో కన్నుమూశాడు. డబ్బింగ్ గొంతులకు చెవులు అలవాటైన తెలుగు ప్రేక్షకులకు ఈ మైకు మనవి ఒక్కటే: ‘కింగ్ లియర్’ చూశాక ఆ హోటల్ సినిమా కూడా చూడండి.