ఇంటి పన్ను జోలికి పోకండి

గెలిచినందుకు అభినందనలు సర్పంచ్ గారూ. మెడలో దండలు వాడకముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఏం చేసినా చేయండి గానీ, ఇంటి పన్ను మాత్రం వసూలు చేయించకండి.

ఓట్లు పోతాయని కాదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. పన్ను వసూలు చేసే కారోబార్ రసీదు పుస్తకం పట్టుకుని వీధిలోకి దిగి నాలుగు వందలు తీసుకున్నాడనుకోండి. కట్టిన మనిషి ఆ సాయంత్రమే తల పైకెత్తి వీధి దీపం వెలుగుతోందా లేదా అని చూస్తాడు. మర్నాడు మోరీ ఎందుకు తీయలేదంటాడు. అదే మనిషి పదేళ్లుగా అదే చీకట్లో, అదే మోరీ దాటుకుంటూ నడిచాడు, ఒక్కనాడూ నోరు మెదపలేదు. ఎందుకంటే తానూ బాకీదారే. ఊరంతా పంచాయతీకి బాకీ పడి ఉండటం మీ పదవికి చేయించిన బీమా లాంటిది. ప్రీమియం కూడా కట్టక్కర్లేదు.

డిమాండ్ రిజిస్టర్‌ను ఉన్నది ఉన్నట్టు ఉంచండి. పెంకుటిల్లు కూల్చి మూడంతస్తుల మేడ లేపినా రిజిస్టర్‌లో అది పెంకుటిల్లే. కొత్తగా కొలతలు వేయిద్దామని పంచాయతీ కార్యదర్శి ఉత్సాహపడితే, మొదటి టేపు మీ బామ్మర్ది ఇంటి గోడకే పట్టాల్సి వస్తుందని మెల్లగా గుర్తు చేయండి. పాపం, కుర్రాడు అర్థం చేసుకుంటాడు.

మరి పైసలు ఎక్కడివంటారా? ఢిల్లీ ఉంది కదా. 2021 నుంచి 2026 దాకా దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు ఇమ్మని 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. ఇలాంటి సొమ్ములో ఉన్న సుఖమేమిటంటే, అది తన జేబులోంచి పోయిందని ఊళ్లో ఎవరూ అనుకోరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే అల్లుడికే దండం పెడతారు. సబ్బు బిళ్ల కొన్నప్పుడల్లా కట్టిన పన్నే తిరిగి ఊరికి వస్తోందని చెప్పే తెలివితక్కువ పని మాత్రం చేయకండి.

ఒక చిక్కుంది. ఆ గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలన్నారు. మిగతా 40 శాతం ఊరి ఇష్టమే గానీ, దాంట్లోంచి జీతాలు ఇవ్వకూడదన్నారు. అంటే సఫాయి కార్మికుల జీతానికి ఊరి సొంత ఆదాయం కావాలి, సొంత ఆదాయమంటే మళ్లీ ఆ ఇంటి పన్నే. కంగారు పడకండి. పల్లె ప్రగతి కార్యక్రమం రోజుల్లో ఊరూరికీ వచ్చిన చెత్త ట్రాక్టర్ పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద ఉంటుంది. డ్రైవర్‌కు మూడు నెలలుగా జీతం లేదు కాబట్టి అది కదలదు. ట్రాలీలో ఎవరిదో కోడి గుడ్లు పెడుతుంది. జనవరి 26న బండి కడిగించి, బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టి, పక్కన నిలబడి ఫొటో దిగండి. ఫొటోలో బండి నడుస్తోందో ఆగిందో ఎవరూ కనిపెట్టలేరు.

గ్రామసభ తప్పదు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరపాలి. జరపండి, పత్తి తీసే రోజుల్లో ఉదయం పదకొండింటికి జరపండి. డప్పు చాటింపు రాత్రి సీరియల్ మంచి పట్టులో ఉన్నప్పుడు వేయించండి. సంతకాలంటారా, సాయంత్రం ఇంటింటికీ తిరిగి తీసుకోవచ్చు. తీర్మానం ఎలాగూ ఏకగ్రీవమే, వద్దనేవాళ్లంతా చేలో ఉంటారు.

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది పంచాయతీ గోడ. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని దానిమీద రాయించమని ఎవరో ఒకరు అంటారు. ఉగాండా వాళ్లకు ఏమైందో వినండి. 1991–95 మధ్య అక్కడి సర్కారు ప్రాథమిక బడులకు పిల్లల లెక్కన పంపిన గ్రాంటులో సగటున 13 శాతమే బడికి చేరింది. మిగతాది దారిలో జిల్లా ఆఫీసుల దగ్గరే ఇంకిపోయింది. బడికి ఎంత రావాలో బడికే తెలియదు కాబట్టి అందరూ హాయిగా ఉన్నారు. తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో వేయించింది, బడి గోడకు కాగితం అతికించమంది. హెడ్‌మాస్టర్లు అడగడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకే బడికి చేరే వాటా బాగా పెరిగిపోయింది. అదంతా ఆ ప్రకటనల పుణ్యమేనా, ఇతర కారణాలూ ఉన్నాయా అని పండితులు వాదించుకున్నారు. ఆ తగువు మనకెందుకు? గోడకు సున్నం కొట్టించి, ఎమ్మెల్యే గారి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేయండి.

సోషల్ ఆడిట్ అంటే మాత్రం మరీ భయపడొద్దు. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైంది. ఊరి పిల్లలే మస్టర్ కాపీలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, నువ్వు నిజంగా ఈ పనికి వెళ్లావా, కూలి ముట్టిందా అని అడుగుతారు. మండల కేంద్రంలో షామియానా వేసి అందరి ముందూ చదువుతారు. చెమటలు పడతాయి, నిజమే. కానీ బయటపడటం వేరు, కక్కించడం వేరు. తేల్చిన సొమ్ములో తిరిగి వసూలైంది కొంతే.

మీకు ముందున్న సర్పంచుల్లో కొందరు అప్పు తెచ్చి సీసీ రోడ్లు, డ్రైనేజీలు కట్టించి, బిల్లులు రాక వడ్డీల్లో మునిగిపోయారు. వాళ్లు చేసిన పొరపాటల్లా ఒక్కటే, పని నిజంగా చేయడం. 6,500 గౌరవ వేతనానికి అంత సాహసం అవసరమా?

చివరగా చెక్కుల సంగతి. సంతకం మీ ఒక్కరిదే చాలదు. 2018 చట్టం ఉప సర్పంచ్‌కు కూడా జాయింట్ చెక్ పవర్ ఇచ్చింది. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచుతారని చట్టం రాసినవాళ్ల ఆశ. మీరు ఆయన వార్డుకు రెండు బోర్లు ఎక్కువ రాయండి, ఆయన మీ చెక్కు మీద తేదీ కూడా చూడకుండా సంతకం పెడతాడు. గొడవలు మాత్రం పెట్టుకోకండి. చెడిన మర్నాడే ఎవరో మేనల్లుడి పేరుతో ఆర్‌టీఐ దరఖాస్తు పడుతుంది, ఆ జిరాక్సు కాపీలు సాయంత్రానికల్లా టీకొట్టు బల్ల మీద ఉంటాయి.