ముందు బొమ్మ గీయండి

మా రోజుల్లో నీళ్ల లెక్క అంటే ముందు పెన్సిలు చెక్కుకునేవాళ్లం. నీటి మట్టానికో గీత, దాని కింద వాలుగా నీటిని ఆపే తలుపు, ఆ తలుపు మీద లోతుకొద్దీ వెడల్పయ్యే పీడన త్రిభుజం. ఆ బొమ్మ లేకుండా జవాబు రాస్తే మా మేష్టారు కాగితం ముట్టుకునేవారు కాదు. ఇప్పుడు మా భిలాయి నెహ్రూ నగర్‌లో ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. పిల్లలు ఫార్ములాలో అంకెలు వేస్తారు, ఫోను జవాబు చెబుతుంది. బొమ్మ గీసినవాణ్ణి చూసి ఎన్నాళ్లయిందో!

పక్కింటి కుర్రాడు ఇంజనీరింగ్ రెండో ఏడు. మొన్న ఒక లెక్కిచ్చాను. తలుపు వెడల్పు 2 మీటర్లు, పొడవు 3 మీటర్లు. పై అంచు సరిగ్గా నీటి మట్టం దగ్గర ఉంది, నీటి మట్టంతో వాలు 30 డిగ్రీలు. నీటి తోపుడెంత? క్షణంలో 9 టన్నులన్నాడు. కాదు, నాలుగున్నరే. వాలు వెంట కొలిచిన ఒకటిన్నర మీటర్లనే లోతనుకున్నాడు. నిట్టనిలువుగా కొలిస్తే తలుపు మధ్య బిందువు ముప్పావు మీటరు లోతులోనే ఉంది. ఆ లోతును వైశాల్యంతో గుణిస్తే టన్నులు వచ్చేస్తాయి. బొమ్మ గీసుంటే ఆ ముప్పావు వాడికే కనిపించేది.

"పోనీ, ఆ బలం తలుపు మీద ఎక్కడ పడుతుందిరా?" అన్నాను.

"ఫార్ములా ఉంది తాతగారూ" అని సైన్ స్క్వేరుతో సహా గడగడా అప్పజెప్పాడు. ఫార్ములా తప్పు కాదు. కానీ వాలు వెంటే కొలుచుకుంటే ఆ సైన్‌తో పనే లేదు. త్రిభుజం గురుత్వ కేంద్రం పైనుంచి మూడింట రెండొంతుల దగ్గర ఉంటుంది కాబట్టి, పై అంచు నుంచి 2 మీటర్లు. అదే తలుపును ఇంకా లోతుకు దింపితే త్రిభుజం ట్రెపీజియం అవుతుంది. తోపుడు పెరుగుతుంది, అది పడే చోటు మాత్రం తలుపు మధ్యకు జరుగుతూ వస్తుంది. బందు ఎక్కడ పెట్టాలో, దూలం ఎక్కడ వేయాలో తేల్చేది ఆ చోటే. గణిత శాస్త్రవేత్త సైమన్ స్టెవిన్ 1586లోనే గోడను సన్నటి పట్టీలుగా ఊహించుకుని నీటి బరువు లెక్కగట్టాడు. ఆయన చేతిలో ఉన్నదీ బొమ్మే.

ఈ ఊరి పిల్లలకు నీళ్ల లెక్క రాకపోతే నాకు మరీ కష్టంగా ఉంటుంది. 1959లో ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైనప్పటి నుంచీ భిలాయి బతుకుతున్నది తాండుల లాంటి జలాశయాల నీటి మీదే. నేను శ్రీకాకుళం నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో మా పై ఆఫీసర్లు సోవియట్ ఇంజనీర్ల దగ్గర పని నేర్చినవాళ్లు. డ్రాయింగు బల్ల మీద పరిచేదాకా వాళ్లు మన మాట వినేవారే కాదు.

ఆ బొమ్మ విలువ తెలియాలంటే తుంగభద్రను చూడండి. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాములో గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో, నీళ్లు పారుతుండగానే, ఆ ఖాళీలో ఐదు స్టాప్‌లాగులు, అంటే ఒకదాని మీద ఒకటి నిలిపే ఇనుప పలకలు, దింపారు. మన తెలుగువాడు చేసిన ఆ పని ప్రతి ఇంజనీరింగ్ క్లాసులోనూ పాఠం కావాలి. గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. నీరు పై అంచు దాకా నిలిస్తే మొత్తం తోపుడు సుమారు 340 టన్నులు. 4 అడుగుల ఎత్తున్న ఐదు పలకలూ దాన్ని సమానంగా పంచుకోవు. త్రిభుజాన్ని అడ్డంగా ఐదు ముక్కలు కోసి చూడండి. పై పలక మీద దాదాపు 14 టన్నులు, తర్వాత 41, 68, 95, అడుగున 122. అంటే ఒకటి, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది వంతులు. పై పలకకు చాలిన ఇనుముతో అడుగు పలక చేస్తే నిలవదు. ఇది చెప్పడానికి క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. అయినా నేను తిరగేసిన ఏ కోచింగ్ నోట్సులోనూ ఈ బొమ్మ లేదు.