హంతకుణ్ణి ముందే చెప్పేయండి: నవలలు చదివేవారికి తొమ్మిది చిట్కాలు

ఈ ఎండాకాలం పద్నాలుగు నవలలు పూర్తిచేశాను. ఏడు హత్యలవి, ఏడు ప్రేమలవి. నా పద్ధతిలో పూర్తిచేశాను కాబట్టి మా ఆవిడ దాన్ని చదవడం అనదు, "పోస్టుమార్టం అయ్యిందా?" అని అడుగుతుంది. అననీండి. మన పాఠకులు ఈ రెండు రకాల నవలలనూ తరతరాలుగా తప్పుగా చదువుతున్నారు. రచయిత ఆగమన్నచోట ఆగుతారు, వణకమన్నచోట వణుకుతారు. రాత్రి రెండింటిదాకా లైటు వేసుకుని కూర్చుని, పొద్దున ఆఫీసులో ఆవులిస్తారు. డబ్బులిచ్చి కొన్న పుస్తకం మనం చెప్పినట్టు వినాలి గానీ, దాని మాట మనం వినడమేమిటి? ఈ బాధ తీరడానికి నా అనుభవసారం కింద ఇస్తున్నాను.

1. చివరి అధ్యాయంతో మొదలుపెట్టండి

పెళ్ళి భోజనంలో ఆకు నిండా వడ్డించాకే కదా ముద్ద కలుపుతాం. ఏముందో తెలియకుండా ఎవడూ తినడు. నవలకు మాత్రం ఆ వెసులుబాటు ఎందుకుండకూడదు? అగాథా క్రిస్టీ రాసిన డిటెక్టివ్ నవలలు 66. చివరి అధ్యాయానికి అరగంట చొప్పున వేసుకుంటే 33 గంటలు. శుక్రవారం సాయంత్రం కూర్చుంటే ఆదివారం పడుకునేలోపు ఆవిడ జీవితకాలపు శ్రమనంతా ముగించి, సోమవారం నుంచి అభిప్రాయాలు చెప్పుకోవచ్చు.

ఈ పద్ధతి నాకు ఊరికే అబ్బలేదు. ఇరవయ్యేళ్ళ వయసులో అద్దె పుస్తకాల కొట్టు నుంచి ఒక డిటెక్టివ్ నవల తెచ్చుకున్నాను. రెండో పేజీ మార్జిన్లో పెన్సిలుతో, కొంచెం ఎడమకు వాలిన అక్షరాలతో "డాక్టరే" అని రాసి ఉంది. ఇంకేముంది, ఆ రాత్రంతా డాక్టరు మీదే కన్ను. సంచీ ఎందుకు కుర్చీ కింద పెట్టాడు? ఇచ్చిన టీ తాగకుండా ఎందుకు లేచాడు? శవాన్ని చూసి కళ్ళజోడు ఎందుకు తుడుచుకున్నాడు? అతను గుమ్మం దాటిన ప్రతిసారీ నా గుండె దడదడలాడింది. తీరా చూస్తే చంపింది డాక్టరు కాదు, మొదటినుంచీ అందరినీ ఓదారుస్తూ తిరిగిన వీలునామా ప్లీడరు! ఆ పెన్సిలు వెధవ నన్ను నిలువునా మోసం చేశాడు. అంత ఒళ్ళు మరచి నేను మరే పుస్తకమూ చదవలేదన్నది నిజమే, కానీ అది వేరే సంగతి. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, చివరి పేజీని తప్ప ఎవణ్ణీ నమ్మకూడదని.

2. తెలిసిన పేరు కడుపులో దాచుకోకండి

క్రిస్టీ నాటకం "ది మౌస్‌ట్రాప్" లండన్‌లో 1952లో మొదలైంది, ఇంకా ఆడుతూనే ఉంది. ఆట అయ్యాక, హంతకుడెవరో బయట ఎవరికీ చెప్పకండని ప్రేక్షకులను బతిమాలుతారు. వాళ్ళు కూడా బుద్ధిగా ఊరుకుంటారట. ఎంత నిగ్రహమో చూడండి! మనవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. అది మన బలం, దాన్ని వాడుకోవాలి.

ఉదాహరణకు 1926లో వచ్చిన "ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్" తీసుకోండి. అందులో హంతకుడు (ఇక్కడ నేను రాసిన పేరును సంపాదకులు కొట్టేశారు). చూశారా, ఈ దేశంలో భావప్రకటన స్వేచ్ఛ ఎలా ఉందో. ఎప్పుడు చెప్పాలన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి. అవతలివాళ్ళు పుస్తకం తెరవకముందు చెబితే మరచిపోతారు, మూసేశాక చెబితే వృథా. సరిగ్గా సగంలో ఉన్నప్పుడు, మంచినీళ్ళు తాగుతూ, యథాలాపంగా అనేయాలి.

3. ప్రేమ నవలను టేపుతో కొలవండి

యద్దనపూడి సులోచనారాణిగారి నవలల్లో నాయకుడు ఆరడుగులుంటాడు, పడవలాంటి కారులో దిగుతాడు. పుస్తకం తెరిచిన వెంటనే ఎత్తు, కారు, ఆస్తి ఒక కాగితం మీద వేసుకుని, మీ వివరాలు పక్కన రాసుకోండి. నేను వేసుకున్నాను. అయిదడుగుల ఆరంగుళాలు, పదకొండేళ్ళ స్కూటరు. మా ఆవిడ ఆ కాగితం చూసి, "ఇందులో కొత్త సంగతేముందండీ?" అంది.

కొలతలయ్యాక, ముగింపు ముందే తెలిసిన పుస్తకాన్ని ఎందుకు చదువుతున్నారని నిలదీయాలి. మా పిన్ని దగ్గర యద్దనపూడిగారి "సెక్రటరీ" ఉంది. అట్ట ఊడి, అంచులకు పసుపు మరకలంటి, రెండుసార్లు బైండింగు మారిన కాపీ. మొన్న మధ్యాహ్నం మళ్ళీ ముందేసుకుని కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా తల ఎత్తలేదు.

"పిన్నీ, జయంతికీ రాజశేఖరానికీ చివరికి పెళ్ళవుతుందని తెలుసు కదా?"

"తెలుసురా."

"మరెందుకు?"

"ఎలా అవుతుందో మర్చిపోయాను."

"పదిహేడుసార్లు చదివి మర్చిపోయావా?"

"మర్చిపోతానురా. లేకపోతే పద్దెనిమిదోసారి ఎలా చదవను?"

ఇలాంటివాళ్ళతో వాదన పెట్టుకోకండి. పాలగిన్నె దించి వచ్చేయండి.

4. పాత కథకు కొత్త ఫోను ఇవ్వండి

యండమూరి "వెన్నెల్లో ఆడపిల్ల" పేరుకు ప్రేమ నవల గానీ, నడక అంతా డిటెక్టివ్ నవలది. ఫోనులో గొంతు తప్ప మరేమీ దొరకని అమ్మాయి. ఆమె విసిరే చిక్కుముళ్ళు విప్పుకుంటూ ఆమె కోసం వెతికే చదరంగం ఆటగాడు రేవంత్. ఒకప్పుడు కుర్రకారు ఆ లెక్కలు నోటుబుక్కుల్లో వేసుకుని మరీ చదివారు. ఇవాళ ఆ చాకిరీ దేనికి? ట్రూకాలర్ ఉంటే రెండో పేజీలో పేరు, మూడో పేజీలో లొకేషను, నాలుగో పేజీలో శుభలేఖ. ఏ నవల చేతికొచ్చినా ముందు నాయకుడి జేబులో ఒక స్మార్ట్‌ఫోను పెట్టండి. కథ కూలిపోతే తప్పు రచయితదే.

జేన్ ఆస్టిన్ "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్" (1813) కూడా ఇంతే. నాయకుడు డార్సీ పేజీలకు పేజీలు ఉత్తరం రాసి, పొద్దున్నే వెళ్ళి తను ప్రేమించిన అమ్మాయి చేతికిచ్చి, చదవమని మాత్రం అని వెళ్ళిపోతాడు. ఆ అమ్మాయి దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుని తన మనసు తానే మార్చుకుంటుంది. ఒక వాయిస్ మెసేజీతో పోయేదానికి ఇంత రాద్ధాంతం!

5. రచయిత మరచిపోయినవి మీరు పూరించండి

డాఫ్నీ డ్యూ మారియే "రెబెకా" (1938) చదివి నిర్ఘాంతపోయాను. కథ చెప్పే అమ్మాయికి పేరు లేదు! చనిపోయిన మొదటి భార్య పేరేమో అట్ట మీద ఉంది, ఇంటి నిండా ఉంది, రుమాలు మీద కూడా దాని తొలి అక్షరం ఉంది. ఉన్న భార్యకు మాత్రం మొదటి పేజీ నుంచి చివరిదాకా పేరు పెట్టలేదు. ఇంత పెద్ద పొరపాటు ప్రూఫు చూసినవాళ్ళకైనా కనపడకపోవడం విచిత్రం. లైబ్రరీ కాపీలో అవసరమైన ప్రతిచోటా "సుజాత" అని పెన్నుతో రాసి పుణ్యం కట్టుకున్నాను. ఆశ్చర్యమేమిటంటే, పేరు పెట్టిన దగ్గర్నుంచి ఆ అమ్మాయి భయం నాకు అంటలేదు. సుజాత అన్నాక ఎవరో మన పక్కవీధి అమ్మాయిలా ఉంది, కథ జరిగే మాండర్లీ బంగళాలో పనివాళ్ళను రెండు కేకలేసి దారిలో పెట్టేలా ఉంది.

6. హత్యలో ప్రేమ కలిస్తే డబ్బులు వెనక్కి అడగండి

ఈ విషయంలో నాకు పెద్దల మద్దతు ఉంది. ఎస్. ఎస్. వాన్ డైన్ అనే అమెరికా రచయిత 1928లో డిటెక్టివ్ కథలకు 20 నియమాలు రాశాడు. ప్రేమ వ్యవహారం పనికిరాదన్నది అందులో ఒకటి. నేరస్థుణ్ణి బోను ఎక్కించాలి గానీ, వధూవరులను పీటలు ఎక్కించకూడదని ఆయన ఉద్దేశం.

ఎవరు విన్నారు? 1930లో డొరతీ సేయర్స్ తన డిటెక్టివు పీటర్ విమ్సీని, హత్యానేరం మీద బోనులో నిలబడిన హారియట్ వేన్‌తోనే ప్రేమలో పడేసింది. ఆమె నిర్దోషి అని నిరూపించినా, ప్రాణం కాపాడాడు కదా అని ఆమె చేసుకోలేదు. రుణం తీర్చుకోవడానికి పెళ్ళేమిటన్నది ఆమె బాధ. అతను ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాడు. 1935లో వచ్చిన "గాడీ నైట్"లో ఒప్పుకుంది. ఆ నవలలో హత్యే లేదు! హత్య లేని డిటెక్టివ్ నవల, ఉప్పు లేని ఆవకాయ. బెంగాల్లో శరదిందు బంద్యోపాధ్యాయ సృష్టించిన బ్యోమకేశ్ బక్షీ ఏమైనా తక్కువ తిన్నాడా? డిటెక్టివ్ అంటే నచ్చదు, సత్యాన్వేషి అనాలి అంటాడు. సత్యాన్వేషణకని ఒక హత్య జరిగిన ఇంటికి వెళ్ళి, సత్యవతిని చూసుకుని వచ్చాడు. కేసుకు పంపితే సంబంధం ఖాయం చేసుకున్నాడన్నమాట.

7. చదివింది ఇంట్లో ఆచరణలో పెట్టండి

క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేశారు. విషాల సంగతి అక్కడే నేర్చుకున్నారు. 1920లో వచ్చిన ఆవిడ మొదటి నవలలో వాడిన స్ట్రిక్నిన్, మన అడవుల్లో దొరికే ముష్టి గింజల్లో ఉండే చేదు విషమే. ఇది తెలిసిన మర్నాడే కాఫీ నోట్లో పెట్టుకోగానే గుర్తుపట్టాను.

"ఇది చేదుగా ఉంది," అన్నాను కప్పు దించి, మా ఆవిడ కళ్ళలోకి సూటిగా చూస్తూ.

"పంచదార వెయ్యలేదండీ. మీకు షుగరు."

సాక్ష్యం ఎంత బలంగా ఉన్నా ఇలాంటి సాకులు సిద్ధంగా ఉంటాయి. తొందరపడి కప్పు ల్యాబుకు పంపకండి. సాయంత్రం కాఫీ కూడా రాదు.

8. అందరినీ ఒక్కొక్కసారి అనుమానించండి

"నాకు మూడో పేజీలోనే తెలిసిపోయింది" అనే మాట అనలేనివాడు మిస్టరీ పాఠకుడే కాదు. దీనికి తెలివి అక్కర్లేదు, క్రమశిక్షణ చాలు. వంటమనిషి రాగానే "ఇదే చంపింది" అని పైకి అనండి. మేనల్లుడు రాగానే "వీడే" అనండి. తోటమాలిని, ప్లీడరును, శవాన్ని కూడా వదలకండి. చివరికి ఎవరు దొరికినా మీరు ముందే చెప్పినవాళ్ళే అవుతారు. ముఖ్యంగా డాక్టరును మరవద్దు.

9. అభిప్రాయం అరచేతి వెడల్పున ఉండాలి

హత్య నవల ఎవరిదైనా సరే, "పర్వాలేదు గానీ కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ ముందు దిగదుడుపే" అనండి. ఎదురు చెప్పేవాడు పుట్టలేదు. ప్రేమ నవల గురించి అడిగితే, "అబ్బే, మా ఆవిడ చదువుతుంటే చూశాను" అనండి. చిన్నప్పుడు క్లాసు పుస్తకంలో డిటెక్టివ్ నవల పెట్టుకుని చదివాం. ఇప్పుడు డిటెక్టివ్ నవల అట్టలో ప్రేమ నవల పెట్టుకుని చదువుతున్నాను. ఏడింటికీ ఒకే అట్ట సరిపోయింది.

ఇవీ చిట్కాలు. పదోది కూడా రాద్దామనుకున్నాను గానీ చిన్న ఆటంకం వచ్చింది.

పద్నాలుగూ అయ్యాక విజయవాడ ఏలూరు రోడ్డులో ముప్ఫై రూపాయలకు ఒక పాత పాకెట్ సైజు నవల కొన్నాను. అట్ట లేదు, రచయిత పేరు లేదు. ఇంటికొచ్చి నియమం ప్రకారం చివరి పేజీ తిప్పాను. డిటెక్టివు అందరినీ హాల్లో కూర్చోబెట్టి, తలుపు గడియ పెట్టమని సైగ చేశాడు. అంతే. ఆ తర్వాత ఎండిన జిగురు, తెగిన దారం. చివరి రెండు మూడు కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి.

గత్యంతరం లేక మొదటి పేజీ నుంచి చదివాను. ఆ రాత్రి రెండింటికి లైటు ఆర్పాను. మర్నాడు మళ్ళీ చదివాను. కోడలికి తాళంచెవి ఎలా వచ్చింది? మేడమీద గడియారం పది నిమిషాలు ఎందుకు వెనకబడింది? స్నానం చేస్తూ ఒక సమాధానం, కూరలు తెస్తూ ఇంకో సమాధానం. నాలుగోరోజున పిన్ని ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని రెండు పేజీలు తిప్పింది.

"ఇదా! మీ బాబాయి తెచ్చేవారు. ఇందులో చంపింది..."

"పిన్నీ, చెప్పకు!"

ఆ కేక నాదేనని నాకే తెలియలేదు. వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసింది. పిన్ని నన్ను ఎగాదిగా చూసి, క్యాలెండరు కాగితం చించి, దాని వెనక ఏదో రాసి, నాలుగు మడతలు పెట్టి పోపుల డబ్బాలో ఆవాల కింద దోపింది. "ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూసుకో," అంది.

ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. ఆదివారం వంట నాదే. పోపు వేసే వేళకు మాత్రం వచ్చి ఆవాలు తీసిపెట్టమని పిన్నిని పిలుస్తున్నాను.