ఎనిమిది బై నాలుగు రైల్వే జోన్

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు రైల్లో పోవాలంటే జగిత్యాల, ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ చేరి, బాసర దగ్గర గోదావరి దాటి, మహారాష్ట్రలో ముద్‌ఖేడ్, కిన్వట్ చూసుకుని రావాలి. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు. నిర్మల్ మీదుగా తిన్నగా ఒక లైను పడితే బాగుండునని చిన్నప్పటి నుంచి వింటున్నా. రిటైరయ్యాక ఆ పని నేనే పెట్టుకున్నాను, మా వెనకగదిలో.

స్కేలు 1:87. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676ను 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి. అంటే నా పట్టాల మీద మన బండి కాళ్లు దగ్గరికి పెట్టుకుని నడవాలన్నమాట. ఆ మూడు మిల్లీమీటర్లు ఎవరికీ కనబడవు. నాకు మాత్రం మూడు రాత్రులు నిద్ర పట్టలేదు.

పోనీ, మలుపైనా నిజాయితీగా ఉండాలనుకున్నా. బ్రాడ్‌గేజ్‌లో మలుపు వ్యాసార్థం 175 మీటర్లకు తగ్గొద్దని రైల్వే నియమం. 87తో భాగిస్తే రెండు మీటర్లు. బండి ఒక్క చుట్టు తిరగడానికే నాలుగు మీటర్ల వెడల్పు కావాలి. గది మూడు మీటర్లు.

"ఈ గోడ తీసేయిస్తే..." అన్నాను.

మా ఇంటామె ఏమీ అనలేదు. చేతిలో పప్పుగుత్తి ఉంది. నియమం సడలించి 18 అంగుళాల వ్యాసార్థంతో సర్దుకున్నా.

"ఎన్నడైతది ఇది?" అని మాత్రం అడిగింది.

"పెద్దపల్లి-నిజామాబాద్ లైనుకు పీవీ 1993లో రాయి వేస్తే 2017లో పూర్తయింది. నాకు ఏడాదన్న ఇయ్యవా?"

వడ్లాయన ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటుకు కాళ్లు బిగించాడు. ఇక నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ మిగిలింది. ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తయినా లేకపోతే దాన్ని ఘాటనరు, స్పీడ్‌బ్రేకర్ అంటారు. మీటరుకు మూడు సెంటీమీటర్లు మించి ఎక్కిస్తే ఇంజన్ చక్రాలు జారి ఉన్నచోటే తిరుగుతాయి. కాబట్టి ఎక్కడానికి రెండున్నర మీటర్లు, దిగడానికి రెండున్నర. చుట్టు మొత్తం ఐదు మీటర్ల డెబ్బై. మిగిలింది 70 సెంటీమీటర్లు. ఇంజనూ రెండు పెట్టెలూ కలిపితే 75. గార్డు ఎప్పుడూ ఘాటు మీదే.

అంతకన్నా పెద్ద చిక్కు, ఉన్న జాగాలో ఒకటే స్టేషన్ పడుతుంది. చివరికి బోర్డుకు ఒకవైపు కరీంనగర్ అని, రెండోవైపు ఆదిలాబాద్ అని రాశా.

వడ్లాయన చూసి చూసి అడిగాడు: "ఎక్కినకాడ్నే దిగుడైతే రైలెందుకు సారూ, కుర్సీ ఏస్కొని కూసుంటే సాలదా?"

జవాబు చెప్పలేదు. బండి ఘాటు దిగేలోపు బోర్డు తిప్పే డ్యూటీ మనవడికి అప్పజెప్పా. నిన్న వాడు టీవీ చూస్తూ మరిచిపోయాడు. ఆదిలాబాద్ బండి తిరిగి కరీంనగర్‌కే వచ్చింది.