లాజిక్కున్న ఊళ్ళో తోటరాముడు

గిద్దలూరు పక్క వాన లేకపోయినా పండే పంట ఒకటుంది. దాని పేరు లాజిక్కు. బస్టాండు టీ బంకుల దగ్గర, పెళ్ళి పంక్తుల్లో, గుంటూరు బండి కోసం ఎదురుచూసే రైల్వే బెంచీల మీద ఏపుగా పెరుగుతోంది. ఇంట్లో పెద్దాయన టీవీలో 'పాతాళభైరవి' పెట్టుకుని కూర్చున్నాడో, ఇక కోతలే కోతలు.

"ఏంది తాతా ఇది? బొమ్మను అడిగితే మేడ లేస్తాదా? లాజిక్కుండొద్దా?" అంటాడు బెంగళూరు నుంచి సెలవు మీద వచ్చిన మనవడు. తాత సౌండు తగ్గిస్తాడే గానీ చానల్ మార్చడు. ఆయన మాట్లాడడు కాబట్టి ఆయన తరపు వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను. ఫీజేమీ లేదు, ఆ సినిమా చివరిదాకా చూడనిస్తే చాలు.

ముందు ఈ మనవడి లాజిక్కేమిటో చూద్దాం. సాలెపురుగు కుట్టిన అమెరికా పిల్లోడు గోడలెక్కితే దాన్ని సైన్సంటాడు. ఉరుముల దేవుడు సుత్తి విసిరితే అది యూనివర్సంటాడు. 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమాలో ఎరాల్ ఫ్లిన్ మెట్ల మీద ఎగురుతూ కత్తి తిప్పితే క్లాసిక్కంటాడు. అదే మెట్ల మీద మన కాంతారావు అదే కత్తి తిప్పితే మాత్రం "అట్టముక్క కత్తి తాతా" అని పొట్ట పట్టుకుని నవ్వుతాడు. రెండూ సినిమా కత్తులే నాయనా. హాలీవుడ్‌లోనూ నిజంగా పొడుచుకుని చచ్చేంత బడ్జెట్ ఎవరికీ లేదు.

'పాతాళభైరవి' 1951 మార్చి 15న వచ్చింది. అప్పటికి గిద్దలూరు కర్నూలు జిల్లాలో, కర్నూలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. తీసింది విజయా నాగిరెడ్డి, చక్రపాణి. నాగిరెడ్డిది కడప జిల్లా, దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి. అంటే మనలాగే ఎండలో మాడినవాళ్ళు. మాటలు పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్‌లీ, సంగీతం ఘంటసాల. కథలో కొంత కాశీమజిలీ కథల వాసన, కొంత అల్లావుద్దీన్ దీపం మసి. 1952లో మనదేశంలో తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం పెడితే ఈ 'పిల్లల సినిమా' అక్కడికీ వెళ్ళింది. పాపం వాళ్ళకు మన మనవడి ఫోన్ నంబరు తెలియక చూసేశారు.

పైగా కె.వి.రెడ్డి ఎలాంటి మనిషనుకున్నారు? ఏ సీను ఎంతసేపు నడవాలో స్టాప్‌వాచీ పెట్టి కొలుచుకుని గానీ సెట్టు మీద అడుగుపెట్టనివాడు. ఆయన మాయకు కూడా పద్దు రాశాడు. మాంత్రికుడికి నిధి ఊరికే రాదు, సాహసవంతుడైన కుర్రవాణ్ణి బలివ్వాలి. మాంత్రికుడి మహిమంతా గడ్డంలో ఉంది, గడ్డం పోతే మహిమా పోతుంది. ఇక ఆ బొమ్మ సంగతి. దానికి మంచీ చెడూ లేదు, ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పని చేసిపెడుతుంది. నిన్న హీరో తోటరాముడికి కట్టిన మేడనే ఇవాళ మాంత్రికుడి కోసం రాకుమారితో సహా పెకలించుకుపోతుంది. నిన్నటి యజమాని మొహం చూసి మొహమాటపడదు. మధ్యలో దాన్ని చేతులు మార్చిందెవరు? రాజుగారి బావమరిది, రేలంగి. బావమరిది చేతిలో పడి ప్రభుత్వ సొత్తు గల్లంతవడంలో లాజిక్కు లేదని ఏ పార్టీవాడైనా గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగలడా?

ఉజ్జయిని రాజు తోటమాలి కొడుకైన రాముడితో, నాతో సమానంగా సంపద తెచ్చుకో, పిల్లనిస్తానన్నాడు. దీనికీ మన కుర్రకారు నవ్వుతుంది. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగే సంబంధాల ముచ్చట్లు వినలేదేమో మరి. హైదరాబాదులో ఫ్లాటు, అమెరికాలో ఉద్యోగం, ఒక్కడే కొడుకు, అత్తమామలు వేరే ఊళ్ళో. రాముడికి పాతాళంలో ఒక్క భైరవి ఉంటే సరిపోయింది. ఇప్పటి పెళ్ళికొడుక్కి ఇరవయ్యేళ్ళ వాయిదాల మీద బ్యాంకు భైరవి కావాలి, ఆవిడ ప్రతి నెలా ఐదో తారీఖున ప్రత్యక్షమవుతుంది.

రాత్రికి రాత్రి మేడ లేవడం అబద్ధమే, ఒప్పుకుంటాను. అది ఈ పశ్చిమ ప్రకాశంలో పుట్టినవాడికి మరీ పెద్ద అబద్ధంగా కనబడుతుంది. మనం చూసిన గుహ కథ వేరు కదా. వెలిగొండ ప్రాజెక్టు. పేరు ముందు పూల సుబ్బయ్య గారిని కూడా పెట్టుకున్నాం. శ్రీశైలం జలాశయం నీళ్ళను నల్లమల కడుపులోంచి రెండు సొరంగాల్లో ఇవతలికి తేవాలి. ఒక్కో సొరంగం 18.8 కిలోమీటర్లు. శంకుస్థాపన 1996లో. ఆనాడు పుట్టిన పిల్లకు పెళ్ళయి, ఆ పిల్లకు పుట్టినవాడు బడికి పోయినా మన కథ ఇంకా మొదటి రీలులోనే ఉంది. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. రిబ్బను, ఫొటోలు, ప్రసంగాలు అన్నీ సమకూరాయి, ఆ రోజు పొలాలకు రానిది నీళ్ళొక్కటే. గుహ ముందు నిలబడి తలుపు తెరుచుకొమ్మనే సీను ఆలీబాబా ఒక్కసారి వేశాడు. మనకు ఎన్నికలకొకసారి వేసి చూపిస్తారు, నటులు మారతారు, డైలాగు మారదు. ఇంత చూసి కూడా మనం టికెట్ డబ్బులు వెనక్కి ఇమ్మని అడగలేదు. లాజిక్కు ఎక్కడ అడగాలో అక్కడ అడగని ఊరు, పాపం తోటరాముణ్ణి పట్టుకుని అడుగుతోంది.

అసలు ఈ పక్క లాజిక్కుకు ఏమాత్రం అందని కథ ఒకటుంది. 16వ శతాబ్దంలో గజపతుల ఇంట పుట్టి విజయనగరం మెట్టిన వరదరాజమ్మ, గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేయించి కంభం చెరువు కట్టించిందని మన పెద్దలు చెబుతారు. చెరువు ఇప్పటికీ ఉంది. పైనుంచి దిగొచ్చిన రాకుమారి ఒకావిడ చెరువు కట్టిస్తానని, కట్టించేసి, అందులో నీళ్ళు కూడా నిలబెట్టడం! ఇంత నమ్మశక్యం గాని కథ విఠలాచార్య కూడా తీయలేదు.

విఠలాచార్య పేరెత్తాను గనక ఒక మాట. ఉడుపి నుంచి వచ్చి మనకు దెయ్యాలతో స్నేహం చేయించిన మహానుభావుడాయన. కాల్‌షీట్ల దగ్గర పేచీ పెట్టే నటుణ్ణి కథలో చిలకగానో మేకగానో మార్చేసి షూటింగు కానిచ్చేవాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ నిర్మాతలందరూ ఏకగ్రీవంగా నమ్మదలచుకున్న కథ ఇది. ఆయన 'బందిపోటు' 1963లో వచ్చింది, 'గండికోట రహస్యం' 1969లో. ఇప్పుడు వందల కోట్లు పోసి కోట కడుతున్నవాళ్ళు మాత్రం విడుదలకు మూడు నెలల ముందు నుంచీ, తెలుగుతెర మీద ఇలాంటి లోకం ఇదే మొదటిసారి అని మైకు పట్టుకుని వగరుస్తుంటారు. బార్ట్‌లీ కంప్యూటర్ లేకుండా, కెమెరా కడుపులోనే రెండు బొమ్మల్ని ఒక బొమ్మ చేసినప్పుడు వీళ్ళ తాతలు నేల టికెట్లో కూర్చుని ఈల వేశారు. కె.వి.రెడ్డి దగ్గర పని నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు 1994లో 'భైరవద్వీపం' తీసి, ఈ చెట్టుకు వేరు ఎక్కడుందో చూపించాడు కూడా. చెప్పినా వినరు. కాంతారావు తెర మీద లెక్కలేనన్ని రాజ్యాలు గెలిచి, సొంత సినిమాలు తీసి ఆస్తి కరగబెట్టుకున్నాడు. రాజ్యాలు గెలవడానికి కత్తి చాలు, సినిమా పంపిణీకి ఇంకేదో కావాలి.

సరే, అసలు సంగతికి వస్తాను. బొమ్మను అడిగితే మేడ లేస్తుందా అని పగలంతా నవ్వినవాళ్ళలో కొందరు అమావాస్య రాత్రి ఎక్కడుంటారో తెలుసా? నల్లమల అంచున ఏదో పాడుబడిన గుడి వెనక. చేతిలో పలుగూ పారా, సంచిలో నిమ్మకాయలూ పసుపూ కుంకుమా, చంకలో కోడిపుంజు. కాస్త కలిగినవాళ్ళయితే మెటల్ డిటెక్టరు, ఇంకా కలిగినవాళ్ళయితే జేసీబీ. గుప్తనిధుల ముఠా పట్టివేత అని పేపర్లో పడినప్పుడల్లా మనకు వాళ్ళ ప్రతిభ తెలుస్తూనే ఉంది. నంది పొట్టలో వజ్రాలున్నాయన్నది వీళ్ళ ప్రధాన సిద్ధాంతం. ఎన్ని నందుల పొట్టలు చీల్చినా లోపల రాయే కనబడింది. అయినా సిద్ధాంతం చెక్కుచెదరలేదు, నందులే చెదిరాయి.

వీళ్ళకు తమ్ముళ్ళు కొందరున్నారు. పిడుగు పడిన రాగి చెంబు బియ్యపు గింజల్ని లాక్కుంటుందని, దాన్ని అమెరికా అంతరిక్ష సంస్థ కోట్లిచ్చి కొంటుందని నమ్మి అడ్వాన్సు కట్టినవాళ్ళు. రెండుతలల పాము ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందని వెతికి పట్టి, చివరికి అటవీశాఖ వాళ్ళను ఇంటికి రప్పించుకున్నవాళ్ళు. వీళ్ళంతా చదువుకున్నవాళ్ళే. మార్కాపురం పలక మీద అఆలు దిద్ది, డిగ్రీలు దాటి, ఫోన్లో షేర్ల భావం చూసుకునేవాళ్ళే. 'పాతాళభైరవి' పెడితే మాత్రం పెదవి విరిచి, ఈ కాలంలో ఇవి ఎవరు నమ్ముతారు అంటారు.

చట్టం సంగతి కూడా చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. 1878లో తెల్లవాడు చేసిన నిధినిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తోటరాముడే ఇవాళ ఇక్కడ ఉండి ఉంటే, భైరవి ఏం కావాలని అడగ్గానే ముందు ఒక అర్జీ ఫారం అడగవలసి వచ్చేది.

డెబ్భై ఏళ్ళు దాటినా ఆ సినిమా ఎందుకు చావలేదని పండితులు రకరకాలుగా చెబుతారు. ఎన్టీఆర్ అందమంటారు, ఘంటసాల పాటలంటారు. అన్నీ నిజమే. నాకు కనిపించే కారణం అంత గౌరవప్రదమైంది కాదు. హాల్లో కూర్చున్న మూడు గంటలూ మనమంతా తోటరాముడి పక్షం, తల్లి కష్టం చూసి కన్నీళ్ళు పెడతాం. కానీ చెవిలో ఇంటికొచ్చే గొంతు ఎవరిది? ఎస్.వి.రంగారావుది. ఊళ్ళో అనుకరించేదీ ఆ మాంత్రికుణ్ణే, మిమిక్రీ కుర్రాడు మొదట నేర్చుకునేదీ ఆ గొంతే. అప్పటికి ఆయనకు ముప్ఫయ్యేళ్ళు దాటి రెండో మూడో, అయినా తెర మీద వెయ్యేళ్ళ ముసలి దురాశ కనబడుతుంది. కష్టపడకుండా, ఇంకొకడి తల తాకట్టు పెట్టి లోకాన్ని కొనేయాలన్న ఆ కోరిక మనకు బాగా తెలిసినవాడిది. అందుకే ఆయన్ను చూసి భయపడం, ముచ్చటపడతాం. గుడి వెనక తవ్వేవాడు తనను తోటరాముడనుకుంటాడు. గోతి అంచున నిలబడి నిమ్మకాయ కోస్తున్న 'స్వామి' ఆ కుర్రాణ్ణి చూసి ఏమనుకుంటున్నాడో ఎవరూ అడగరు.

అందుకని వచ్చే అమావాస్యకు కొండకు బయలుదేరే పెద్దమనుషులకు నాదొక విన్నపం. మీ లాజిక్కు మీ దగ్గరే ఉంచుకోండి, ఒక్క సీను మాత్రం చూసి వెళ్ళండి. బలికి ముందు మాంత్రికుడు రాముణ్ణి కొలనులో స్నానం చేసి రమ్మంటాడు. అక్కడ మొసలి రూపంలో ఉన్న శాపగ్రస్త అసలు గుట్టు విప్పబట్టి రాముడు బతికాడు, తెగింది మాంత్రికుడి తల. మన నల్లమల వాగుల్లో అలా ముందే చెవిలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. దొరికితే దొరికేది ఫారెస్టు బీటు ఆఫీసరు. ఆయనకు శాపవిమోచనం ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చాకే, అప్పటిదాకా కేసు రాయక ఆయనకూ తప్పదు.