బ్యాచ్ డిటెక్టివ్

పదో తరగతి పాసై పాతికేళ్లు దాటిన ప్రతి బ్యాచ్‌లోనూ ఒక అపరాధ పరిశోధకుడు బయటపడతాడు. ఉద్యోగరీత్యా అతను బీమా ఏజెంటో, కరెంటాఫీసు గుమాస్తానో, వీఆర్ఎస్ తీసుకున్న బ్యాంకు క్యాషియరో అయివుంటాడు. ఆత్మీయ సమ్మేళనం పెట్టుకుందామన్న మాట వాట్సాప్‌లో పడ్డ రాత్రే అతనిలోని డిటెక్టివ్ యుగంధర్ నిద్రలేస్తాడు. కొమ్మూరి సాంబశివరావు నవలల్ని అద్దెకు తెచ్చి, లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివిన మనిషి మరి. అసిస్టెంట్ రాజు లేని లోటు భార్య తీర్చాలి. ఆవిడకు ఆ సంగతి తెలియదు.

లైసెన్సు బెడద లేదు. ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీల నియంత్రణకు 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లే చట్టం కాలేదు. ఫీజు తీసుకునేవాళ్లకే లేని నిబంధన, ఎదురు ఖర్చు పెట్టుకునేవాడికి ఎందుకుంటుంది?

పరిశోధన బడి నుంచి మొదలవుతుంది. హెడ్మాస్టరుకు శాలువా ఆశ చూపి, అటెండరుకు టీ డబ్బులిచ్చి, చెదలు తినగా మిగిలిన అడ్మిషన్ రిజిస్టరు సంపాదిస్తాడు. అందులోని పుట్టిన తేదీలను అతను లెక్కలోకి తీసుకోడు. ఆ రోజుల్లో చాలామంది పిల్లల్ని బళ్లో చేర్చుకునే మాస్టారే జూన్‌లోనో జులైలోనో పుట్టించేశారు. ఆడపిల్లల్ని పట్టుకోవడం ఇంకా కష్టం. పెళ్లితో ఇంటిపేరూ ఊరూ మారిపోయి, ‘కె. లక్ష్మి’ అనే ఆధారం గోదావరిలో కలిసిపోతుంది. మగవాళ్లలో శ్రీనులది వేరే సమస్య. పొట్టి శ్రీను, కళ్లజోడు శ్రీను, కరణంగారి శ్రీను అని అప్పట్లో తేలిగ్గానే విడదీశారు గానీ, ఇప్పుడు ముగ్గురికీ కళ్లజోళ్లున్నాయి. పదో తరగతి సర్టిఫికెట్లో రాసిన పుట్టుమచ్చలు కోర్టులో చెల్లుతాయేమో గానీ ఫోన్లో కనపడవు.

ఫోన్ నంబరు దొరికిందంటే అతని వరస మారిపోతుంది. పేరు చెప్పడు. “నేనెవరో చెప్పుకో చూద్దాం” అంటాడు. సైబర్ నేరాల మీద పోలీసుల హెచ్చరికలు రోజూ వింటున్న అవతలి మనిషి ఠక్కున పెట్టేస్తాడు. మళ్లీ చేస్తాడు. “ఎనిమిదో తరగతిలో నీ టిఫిన్ డబ్బాలో కప్పను పెట్టింది నేనే” అన్నాక గానీ నమ్మకం కుదరదు. నేరం ఒప్పుకుని సాక్షిని పట్టుకునే డిటెక్టివ్ ఇతనొక్కడే.

అతని ప్రతిభంతా గ్రూపు ఫొటో దగ్గర చూడాలి. మూడో వరసలో, సగం ముఖం ముందువాడి క్రాపు వెనక దాగిన కుర్రాడొకడు ఉంటాడు. రిజిస్టరులో ఉన్న పేర్లన్నీ సరిపోయాక కూడా ఒక తల మిగిలిపోతుంది. గ్రూపులో పెడితే అయిదుగురు అయిదు పేర్లు చెబుతారు. అందులో ఒకరు, తాను వాడితో కలిసి చెరువులో ఈత నేర్చుకున్నానని కూడా సాక్ష్యమిస్తారు. తల చుట్టూ ఎర్రగీత గీసి, పెద్దది చేసి, రిటైరైన డ్రిల్లు మాస్టారి ఇంటి దాకా వెళ్లి విచారిస్తాడు. చివరికి రహస్యం విడిపోతుంది: వాడు స్టూడియోవాడు స్టాండు మోయడానికి తెచ్చుకున్న కుర్రాడు. ఖాళీ కనిపించింది, నిలబడ్డాడు. అంత కష్టపడ్డాక వదలడం ఇష్టంలేక అతన్నీ గ్రూపులో చేరుస్తారు. ఈతసాక్షి మాత్రం తన మాట మీదే ఉంటాడు.

సినిమాల్లో ఈ వృత్తికి మర్యాద ఉంది. 1986లో జంధ్యాల ‘చంటబ్బాయి’లో చిరంజీవి, 2019లో నెల్లూరు నేపథ్యంగా వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’లో నవీన్ పొలిశెట్టి నవ్వించినా, కేసు తేల్చి చప్పట్లు కొట్టించుకున్నారు. బ్యాచ్ డిటెక్టివ్‌కు చప్పట్లు ఉండవు. సమ్మేళనం నాడు మాస్టార్లకు శాలువాలు, ఫ్లెక్సీలో బొమ్మ డబ్బిచ్చిన ఎన్నారైకి. ఇతను గేటు దగ్గర టిక్కులు పెడుతూ, భోజనాల కూపన్లు లెక్కపెడుతూ ఉంటాడు. దొరికినవాళ్లతో కూర్చుని మాట్లాడాలన్న సరదా కూడా అతనికి లేదు. కేసు మూసేశాక ముద్దాయితో పనేముంది?

అయితే దొరికినవాడు ఊరుకోడు. మొదటి రోజు గుడ్‌మార్నింగ్ గులాబీ, రెండో రోజు మోకాళ్ల నొప్పికి మెంతుల చిట్కా, మూడో రోజు ఔటర్ రింగ్ రోడ్డుకు ఆనుకునే ఉన్న ప్లాట్ల వెంచర్ బ్రోషరు పంపిస్తాడు. వారం తిరక్కుండా, అందరూ డిటెక్టివ్‌కు విడివిడిగా ఫోన్లు చేసి ఒకే మాట అడుగుతారు: వాణ్ణి మళ్లీ మాయం చెయ్యగలవా అని.