స్కోపు కందం, సటీకాతాత్పర్యం

మూలం

క. ఎక్కువ రెట్లని మురియకు
చుక్కలు గాంచుటకుఁ గాదు చూడుము గురికే
చక్కని యేఁబది గజముల
పక్కకు జరుగని గుఱుతది బహువెల యేలా

అవతారిక

పాయింట్ టూటూ రైఫిల్ మీదికి తక్కువ ధరలో ఏ స్కోపు కొనాలని అడిగిన ఒక గృహస్థుకు చెప్పిన జవాబు ఈ కందం. కవి తన పేరు చెప్పుకోలేదు. లైసెన్సు ఉన్నవాడనీ, తూటాలు లెక్కపెట్టి వాడేవాడనీ లోపలి సాక్ష్యం వల్ల ఊహించాలి. కందమే ఎందుకంటే కరీంనగర్ సీమకు ఆ అలవాటు పాతది. గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట రాతి మీద, పంపకవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలోనే తెలుగు కందాలు చెక్కించాడు. వాటిని చదవడానికి స్కోపు అక్కరలేదు, గుట్ట ఎక్కే మోకాళ్లుంటే చాలు.

మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్నాడు. ఆయనకు స్కోపు కొనే పని పడలేదు గనుక ఆ నియమం నిలిచింది. మాకు మూలం దాటక తప్పదు.

ప్రతిపదార్థం

ఎక్కువ రెట్లు + అని = వస్తువును మరీ పెద్దదిగా చూపుతుందని; మురియకు = ఉబ్బిపోకుము; చుక్కలు + కాంచుటకున్ + కాదు = నక్షత్రాలు చూడడానికి కాదు; చూడుము = గమనింపుము; గురికే = గురి పెట్టడానికే; చక్కని + ఏఁబది గజముల = సరియైన 50 గజాల దూరమున; పక్కకున్ + జరుగని = అటూ ఇటూ పోని; గుఱుతు + అది = క్రాస్ గుర్తు గలది కావలెను; బహువెల + ఏలా = ఎక్కువ ధర ఎందుకు?

తాత్పర్యం

నాలుగు రెట్లు చాలు. 50 గజాల వద్ద గుర్తు కదలనిది తీసుకో. మిగిలిన డబ్బు స్కోపును రైఫిల్‌కు బిగించే మౌంటుకు పెట్టు.

వ్యాఖ్య

ఎక్కువ రెట్లు: స్కోపు పెట్టె మీద "3–9×40" అని సూత్రం ఉంటుంది. 3 నుంచి 9 దాకా రెట్లు. 40 అనగా ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. 40ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుతురు కట్ట మందం వస్తుంది. నాలుగు రెట్ల దగ్గర అది 10 మిల్లీమీటర్లు, తొమ్మిది దగ్గర నాలుగున్నర కన్నా తక్కువ. మసక వెలుతురులో కంటిపాప అంతకన్నా పెద్దగా తెరుచుకుంటుంది గనుక, తొమ్మిది దగ్గర పొద్దుగూకే వేళ బొమ్మ మసకబారుతుంది. పైగా రెట్లు పెరిగితే చేతి వణుకూ అన్ని రెట్లుగా కనిపిస్తుంది.

ఇక్కడ బామ్మర్ది మతం ఒకటుంది. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన బామ్మర్ది ఫోన్లో వీడియో చూపించి, "బావా, ఇరవైనాలుగు రెట్లది తీస్కో, గుట్ట మీది గద్ద గూడ గోర్లతోని కనవడ్తది" అంటాడు. నిజమే, కనబడుతుంది. గద్దను చూసి ఏం చేస్తావని అడిగితే ఆ మతంలో జవాబు లేదు. కవి "మురియకు" అన్నది బావతో కాదు, బామ్మర్దితోనే అని మా అభిప్రాయం.

చుక్కలు: శ్లేష. నాసిరకం స్కోపు కొన్నవాడికి పగలే చుక్కలు కనిపిస్తాయని ధ్వని. దీని మీద ఇంతకన్నా విస్తరించడం పాండిత్య ప్రకర్ష మాత్రమే.

ఏఁబది గజముల: ఈ చోట ఒక వ్యాఖ్యాత కాలు జారాడు. "ఏబది ఏనుగుల పక్కకు జరుగని" అని అన్వయించి, కాకతీయుల గజబలం మీద రెండు పుటలు రాశాడు. పొసగదు. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి వచ్చిన ఒక్క ఏనుగు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు రైతుల ప్రాణం తీసింది. నవ్వులాటకు రాని మాట గనుక ఆ అర్థాన్ని ఇక్కడే వదిలేస్తున్నాం. గజమనగా మూడడుగుల కొలతే.

50 అని ఎందుకు బిగించాడు? పెద్ద రైఫిళ్ల కోసం చేసిన మామూలు స్కోపులను 100 గజాల దూరానికి సరిచేసి పంపుతారు. ఇంకా దగ్గరున్న వస్తువును చూస్తూ తల కొంచెం జరిపితే, రైఫిల్ కదలకపోయినా క్రాస్ గుర్తు వస్తువు మీద జరుగుతుంది. దీన్నే పారలాక్స్ అంటారు. 100 గజాల స్కోపుతో 50 గజాల గురి చూస్తే, కన్ను 40 మిల్లీమీటర్ల అద్దం అంచు దాకా జరిగినప్పుడు తేడా సుమారు సెంటీమీటరు. ఒక సెంటీమీటరే గదా అనకూడదు. 50 మీటర్ల రైఫిల్ పోటీ కాగితంలో పది పాయింట్ల వలయం అడ్డంగా 10.4 మిల్లీమీటర్లు. తల ఊపినంత మాత్రాన పది పోయింది. అందుకే కొన్ని స్కోపులను టూటూ కోసమే 50 గజాలకు సరిచేసి అమ్ముతారు. దూరాన్ని బట్టి తిప్పుకునే చుట్టు ఉన్నవీ ఉన్నాయి. పెట్టె మీద రెండింటిలో ఏదీ రాసి లేకపోతే, బేరం ఎంత బాగున్నా చేతులు కట్టుకోవాలి.

పక్కకు జరుగని: ఇది గుర్తుకే గాక మౌంటుకూ విశేషణం. టూటూ రైఫిళ్ల మీద ఎక్కువగా 11 మిల్లీమీటర్ల గాడి ఉంటుంది. పెద్ద రైఫిళ్ల రైలు దీనికి రెండింతలు వెడల్పు. స్కోపు గొట్టం వ్యాసం ఒక అంగుళం కావచ్చు, 30 మిల్లీమీటర్లు కావచ్చు. రింగులు ఒక కొలతవి, గొట్టం ఇంకో కొలతది కొనుక్కొచ్చి, మధ్య సందులో సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగించే సంప్రదాయం మన దగ్గర ఉంది. దానికి శాస్త్రప్రమాణం లేదు.

పరీక్ష ఇట్లా. ఒక తూటా కాల్చాలి. ప్రతిసారీ అదే చుక్క మీద గురి పెట్టి, స్కోపు మీది గురి మరలను కుడికి 20 క్లిక్కులు తిప్పి ఒకటి, కిందికి 20 తిప్పి ఒకటి, ఎడమకు 20 తిప్పి ఒకటి, పైకి 20 తిప్పి చివరిది. క్లిక్కు విలువ కోణపు నిమిషంలో నాలుగో వంతైతే, 50 గజాల దగ్గర ఒక్కొక్కటి 3 మిల్లీమీటర్ల పైచిలుకు, ఇరవై కలిస్తే ఆరున్నర సెంటీమీటర్లు. ఐదో తూటా మొదటి రంధ్రం దగ్గరికి తిరిగి రావాలి. చతురస్రం గీయమంటే జిలేబీ చుట్టిన స్కోపును ఆ సాయంత్రమే వాపసు ఇవ్వాలి. వెనక మట్టికట్ట లేని చోట ఈ పరీక్ష నిషిద్ధం. ఇంత చిన్న తూటా కూడా మైలు దాటి పోగలదు.

బహువెల: "బహు" సంస్కృతం, "వెల" తెలుగు. వైరి సమాసం, దోషమే. "బహుమూల్య" మంటే దోషం పోయేది గాని ఛందస్సు ఒప్పుకోలేదు. ఉన్న జాగాలో పట్టేదాన్నే కొన్నాడు కవి. స్కోపు కొనేవాడికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

తక్కువ వెల ఎట్లా సాధ్యమంటే, టూటూ భుజాన్ని తన్నదు. 40 గ్రెయిన్లు, అనగా 2.6 గ్రాముల తూటా. ఆ కుదుపుకు చవక స్కోపు లోపలి అద్దాలూ చెదరవు. చిత్రమేమంటే స్ప్రింగు ఎయిర్‌గన్ ఇంతకన్నా క్రూరం. అది ముందుకూ వెనక్కీ రెండువైపులా కుదుపుతుంది. టూటూ మీద పదేళ్లుండే స్కోపు దాని మీద పది రోజులకే గుర్తు వదిలేయవచ్చు. అయితే చవకకూ ఒక హద్దుంది. తూటాలు లైసెన్సులో రాసిన లెక్కకే దొరుకుతాయి. గురి నిలవని స్కోపును సరిచేయడానికే అవన్నీ అయిపోతే మిగిలిన డబ్బుతో కొనేందుకు ఏమీ ఉండదు.

శంక: స్కోపే ఎందుకు? ఎన్‌సీసీలో బోర్లా పడుకొని టూటూ పేల్చినవాళ్లకు ఇనుప గురే గదా. హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది రంధ్రం గుండా చూసే గురితోనే గదా, ఆ పోటీల్లో స్కోపు పెట్టనీయరు గదా. సమాధానం: వాళ్ల కళ్లు వేరు. ఇనుప గురిలో వెనక గాడి, ముందు ముల్లు, దూరాన లక్ష్యం, మూడింటినీ ఒకే కన్ను కలపాలి. స్కోపులో గుర్తూ లక్ష్యమూ ఒకే తలం మీద కనిపిస్తాయి. చత్వారం వచ్చినవాడికి అదే పెద్ద సాయం.

మరో శంక: మక్క చేనులో పడే అడవిపందులకు? కవి నోరు మెదపలేదు, మంచిపని చేశాడు. 1972 వన్యప్రాణి చట్టం ఉండగా అనుమతి లేనిదే వాటి మీద పేల్చరాదు. అనుమతి ఉన్నా టూటూ వాటిని ఆపదు, గాయపరిచి పక్క రైతు చేనులోకి తోలుతుంది. ఈ కందం కాగితపు లక్ష్యాలకే వర్తిస్తుంది.

పాఠాంతరం: దుకాణదారు ప్రతిలో మొదటి పాదం "ఎక్కువ రేట్లని మురియకు" అని ఉంది. ఛందస్సు చెడదు, అర్థమూ కుదురుతుంది. మొదట అదే మూలపాఠమేమో అనుకున్నాం. ఎందుకు కాదన్నామంటే, ఆ ప్రతిలో నాలుగో పాదం "బహువెల" ముందు దాకా చక్కగా ఉండి, ఆ తర్వాత చినిగిపోయింది.